చల్లగా చేరాల్సిన పాలు

ఆ పెట్టెను కొన్నది పుచ్చకాయ ముక్కలకూ మజ్జిగకూ. గద్వాల ఎండలో కారెక్కితే కాసేపటికే సీసాలో నీళ్లు స్నానానికి పనికొచ్చేంత కాగిపోతాయి. అందుకని నీలంరంగు ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెచ్చాం. కారులో సిగరెట్ వెలిగించుకోవడానికి ఇచ్చిన చోట దాని వైరు గుచ్చితే లోపల పెట్టినవి చల్లగా ఉంటాయి. మా ఇంట్లో దాని పేరు కారు ఫ్రిజ్. వెనకవైపు జల్లెడలా బొక్కలు, వాటి లోపల అరచేతిలో పట్టేంత ఫ్యాన్. అది తిరుగుతున్నంతసేపూ ఈగ ముసిరినట్టు సన్నటి చప్పుడు. పెళ్లిళ్లకు పోయినప్పుడూ, అమ్రాబాద్ అడవి దారిలో శ్రీశైలం పోయినప్పుడూ ఆ చప్పుడు మా వెంటే ఉంది. నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన రోజు వచ్చింది. కాన్పుకని గద్వాలలో మా ఇంటికి వచ్చిన నా కూతురికి నెలలు నిండకముందే కొడుకు పుట్టాడు. పిల్లవాడు మరీ చిన్నగా ఉన్నాడు. పసిపిల్లల వార్డులో చోటు దొరికింది నాగర్‌కర్నూల్‌లో. అల్లుడు వాడితోపాటు అక్కడికి పోయి వార్డు బయట బెంచీ మీద ఉండిపోయాడు. నా కూతురికి కుట్లు, పైగా జ్వరం. కదలొద్దన్నారు. పిల్లవాడికి మాత్రం తల్లి పాలే కావాలన్నారు. నోటితో తాగే శక్తి ఇంకా లేదు, సన్నటి పైపులోంచి కొద్దికొద్దిగా పోస్తారు. ఇక్కడ తల్లి పిండాలి, అక్కడ బిడ్డకు చేరాలి. మధ్యలో వనపర్తి మీదుగా రెండు పూటలకు సరిపడా ఎండ.

"పాలు చల్లగ రావాలె సారూ. దారిల వేడెక్కితే మాకు పనికిరావు" అని వార్డులోని నర్సు మొదటిరోజే చెప్పింది. అప్పుడు మజ్జిగ పెట్టె గుర్తొచ్చింది. నా భార్య దాన్ని వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఎండబెట్టింది. పొద్దున్నే కూతురు పిండిన పాలు చిన్న సీసాల్లో పోసి, మూతలు బిగించి, దాంట్లో పెట్టేవాళ్లం. నేను కారు నడిపేవాణ్ణి.

ఎన్నో ఏళ్లు పత్రికలో పనిచేశాను. పసిపిల్లలు చనిపోయిన వార్త ఎంత చిన్నగా రాస్తారో నాకు తెలుసు. సింగిల్ కాలమ్, ఐదు లైన్లు, తల్లి పేరు, ఊరు పేరు. అలాంటివి నేనే చాలా దిద్దాను. ఆ రోజుల్లో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే ఆ ఐదు లైన్లు నా ప్రమేయం లేకుండా తలలో వాటంతటవే కూడుకునేవి. ఊరి పేరు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా హారన్ కొట్టేవాణ్ణి. ముందు ఏ బండీ లేకపోయినా.

ఒకరోజు మా అక్క కూడా వస్తానంది. అక్కది వడ్డేపల్లి దగ్గర సేద్యం. ఊహ తెలిసినప్పటి నుంచి విత్తనాల కోసం పెంచే సీడు పత్తి పనిలోనే ఉంది. సాయంత్రం పూట మొగ్గను ఒలిచి, మరో చెట్టు పుప్పొడి తగలకుండా దానికి చిన్న కాగితం తొడుగు వేస్తారు. అట్లా వేసిన తొడుగులు ఆమె జీవితంలో లెక్కలేనన్ని. తెరిచి ఉన్నదేదైనా కనబడితే అక్క చెయ్యి దాన్ని మూయడానికే పోతుంది. ఇంట్లో నీళ్ల బిందె, అన్నం గిన్నె, మాట్లాడుతున్న నా నోరు, అన్నీ అంతే.

"మనవణ్ణి సూడకుండ నేను పొలంల ఎట్లుంటర తమ్మీ?" అంటూ వెనక సీట్లో పెట్టె పక్కన కూర్చుంది. బయలుదేరేముందు నా కూతురు గడప దాకా వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"నాయినా, ఇయాల జర ఎక్కువనే వచ్చినయి. జాగ్రత్త" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో జ్వరం లేదు.

ఎర్రవల్లి చౌరస్తా దాటాక, కృష్ణ మీది వంతెన ఇంకా రాకముందే, అక్క కారు ఆపమంది. కాళ్లు పట్టేశాయంది. అప్పుడే అల్లుడు ఫోన్ చేశాడు. నేను దిగి చెట్టు నీడన నిలబడి మాట్లాడాను. పిల్లవాడి బరువు నిన్నటికన్నా తగ్గిందట. అది మామూలేనని డాక్టరు అన్నాడట. అల్లుడు మామూలే అన్న మాటను రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పడంతో అది మామూలు కాదేమో అనిపించింది. తిరిగి వచ్చి కారు ఎక్కాను. వెనక అక్క ఏం చేస్తోందో చూడలేదు.

వంతెన మీద అక్క నదికి దండం పెట్టుకుంది. పెబ్బేరు వచ్చింది, పోయింది. ఆమె మాట్లాడుతూనే ఉంది. పిల్లవాడి చెవులు ఎవరివి, ముక్కు ఎవరిది, మా నాయిన పోలిక ఉంటే మొండివాడవుతాడు, మొండివాడైతేనే బతుకుతాడు. నేను ఊఁ కొడుతున్నాను. తల నిండా బరువు తగ్గిందన్న మాటే.

వనపర్తి ఊరి మొదట్లో ట్రాక్టరు అడ్డంగా తిరిగితే కారు ఆగింది. అక్క కూడా ఆ క్షణాన ఊపిరి తీసుకోవడానికి ఆగింది. కారు లోపల ఏ చప్పుడూ లేదు. ఏదో లేదని తెలిసింది గాని ఏం లేదో తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాను. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. చెయ్యి చాచి పెట్టె వెనకభాగం మీద పెట్టాను. ఇస్త్రీపెట్టెను తాకినట్టు చెయ్యి వెనక్కి వచ్చేసింది.

కారును పక్కకు తీశాను. వెనక తలుపు తెరిచి పెట్టెను తిప్పి చూశాను. బొక్కల నిండా వేపమండలు. పుల్లలు విరిచి, లోపలిదాకా గుచ్చి, వాటి మధ్య నల్లటి గుడ్డలో కట్టిన బొగ్గుముక్క. ఒక ఈనె ఫ్యాన్ రెక్కల్లో ఇరుక్కుని ఉంది.

"అక్కా, ఇదేంది?"

"ఏందంటవేంది? యాపాకు. తల్లి పాలు ఏరు దాటిస్తున్నం. బొగ్గు, యాపాకు లేకుండ ఎవ్వరన్న దాటిస్తరా? దిష్టి తగుల్తది."

"మూత మీద పెట్టొద్దా మరి?"

"మూతకు బొక్కల్లేవు గద! ఎనుకనేమో గిన్ని బొక్కలు. ఏదన్న దూరితె ఆడికెళ్లే దూరుతది. అందుకే మూసిన."

అక్కకు ఆ బొక్కలు ఎందుకో తెలియదు. నాకు తెలుసు, ఎప్పుడూ చెప్పలేదు. లోపలి వేడిని బయటికి నెట్టేది ఆ ఫ్యానే. అది ఆగితే ఆ వేడి తిరిగి లోపలికే పోతుంది. చల్లబరిచే పెట్టె కాస్తా పాలను వెచ్చబెట్టే పెట్టె అవుతుంది. ఈ సంగతి అక్కకు అప్పుడు చెప్పాను. ఆమె ముఖం మీది రంగు పోయింది.

"పోరనికి ఏమన్న అయితదా?"

గబగబా మండలు లాగేశాను. ఈనె తీయగానే ఫ్యాన్ తిరిగింది, చప్పుడు వచ్చింది. మూత తీసి సీసా ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది. అప్పుడే పిండిన పాలలా. నాకు భయం వేసింది అప్పుడు.

అక్క సీసా మూత తీసి వాసన చూసింది. "ఇరగలే తమ్మీ. పాలు మంచిగనే ఉన్నయి" అంది. నేనూ వాసన చూశాను. తియ్యటి వాసన. మంచిగానే ఉన్నట్టుంది. కాని వాసన పట్టి చెప్పే సంగతి కాదిది. ఆ పిల్లవాడి పొట్ట నా గుప్పెడంత కూడా లేదు. వెనక్కి తిరిగి గద్వాల పోదామంటే అక్కడ పాలు లేవు. తెల్లారకముందు నుంచి తల్లి పిండింది ఇదే.

రోడ్డు పక్క చెరుకురసం బండి కనబడింది. ఐసు కావాలన్నాను.

"ఐసు వట్టిగ ఇయ్యను పెద్దాయనా, రసం తాగుండ్రి" అన్నాడు బండి అతను నవ్వుతూ.

"మేము తాగనీకి రాలే కొడుకా" అని అక్క ఏడుపు ఆపుకోలేకపోయింది. అతని నవ్వు ఆగింది. గోనెసంచి విప్పి, ఐసు పగలగొట్టి, కవరులో పోసి ఇచ్చాడు. ఆ కవరును సీసాల చుట్టూ సర్ది మూత వేశాం.

బిజినేపల్లి వచ్చేసరికి సీసాలు మళ్లీ చల్లబడ్డాయి. అక్క మూత ఎత్తి, ముట్టుకుని, "సల్లగైనయి" అంది. సంతోషంగా కాదు, గుసగుసగా. నాకు అసలు భయం అక్కడ మొదలైంది. వేడిగా ఉన్నంతసేపు ఆ సీసాలు నిజం చెబుతున్నాయి. ఇప్పుడు ముట్టుకున్నవాళ్లెవరికీ ఏమీ తెలియదు. నర్సు చెయ్యి పెట్టి చూస్తుంది, బాగుంది అంటుంది, లోపలికి తీసుకుపోతుంది. వెచ్చబడ్డ సంగతి మా ఇద్దరికే తెలుసు.

అల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. "మామా, ఏడికొచ్చిండ్రు? నిన్నటివి అయిపోయినయంట. అడుగుతుండ్రు."

"వస్తున్నం" అన్నాను. ఇంకేమీ అనలేదు.

ఫోన్ పెట్టేశాక అక్క అడిగింది. "చెప్తవా తమ్మీ ఆళ్లకు?"

"చెప్తే పారబోస్తరు."

"చెప్పకుంటే?"

నేను గేరు మార్చాను. ఆమే మళ్లీ, "పారబోస్తే పోరడు ఉపాసముంటడా?" అంది. ఆకలి ఒకవైపు, చెడిన పాలు ఒకవైపు. ఏది ఎక్కువ ప్రమాదమో కారులో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లకు తెలిసే దారి లేదు. ఐదు లైన్లు మళ్లీ తలలోకి వచ్చాయి. ఈసారి హారన్ కొట్టినా పోలేదు.

వార్డు తలుపు దగ్గర అల్లుడు ఎదురొచ్చాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. నర్సు బయటికి వచ్చి సీసా అందుకుంది. చేత్తో తడిమి, "సల్లగనే ఉన్నయి, మంచిగ తెచ్చిండ్రు" అంది. తిరిగి లోపలికి అడుగు వేసింది. నేను నోరు తెరిచాను.

"సిస్టరమ్మా, ఆగు." అక్క గొంతు. "అవి ఉడుకైనయి. ఎనుక బొక్కలల్ల నేను యాపాకు పెట్టిన. ఆ మిషిని ఆగింది. ఇప్పుడు సల్లగున్నది ఐసుకు."

అల్లుడు మా ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. నర్సు ఆగింది. కోప్పడలేదు.

"ఎంతసేపు ఉడుకుగున్నయి?" అని నన్ను అడిగింది.

వంతెన ముందు నుంచి వనపర్తి దాకా అన్నాను. అంటే ఎంతసేపు అంది. ట్రాక్టరు, పెబ్బేరులో రద్దీ, ఎక్కడ నెమ్మదిగా పోయాను, ఎక్కడ ఆగాను, అంతా గుర్తుచేసుకోవాలని చూశాను. ఊళ్లో ఏ సంఘటన జరిగినా ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని జనాన్ని గుచ్చిగుచ్చి అడిగినవాణ్ణి.

"సరిగ్గ తెల్వదమ్మా" అన్నాను.

"తెల్వకుంటే తాపియ్యలేం సారూ" అంది. లోపలి సింకులో సీసాలు ఒక్కొక్కటీ వంచింది. తలుపు తెరిచే ఉంది. ఆ పాలు పోతున్నంతసేపు అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

బయటికి వచ్చి నర్సు చెప్పింది: "డాక్టరు సారుతోని మాట్లాడిన. ఇయాల్టికి సెలైన్ మీద ఉంచుతరు. రేపు మాత్రం తప్పద్దు. వానికి వేరే బలం లేదు."

వరండాలోకి పోయి కూతురికి ఫోన్ చేశాను. మొదటి మాటే ఆమెది. "తాగిండా నాయినా?"

చెప్పాను. వేపాకు సంగతి కూడా చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

"అత్త ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది."

"ఏడ్వొద్దను. పొద్దుగాల వరకు మల్ల పిండుత. కొన్నే వస్తయేమో. వచ్చినన్ని తీస్కపో."

మరునాడు ఆమె అన్నట్టు కొన్నే వచ్చాయి. సీసా అడుగు మాత్రం తడిసినట్టు అనిపించింది నాకు. అక్కను రావద్దంటానేమోనని ఆమె నాకన్నా ముందే కారెక్కి కూర్చుంది. కొప్పులో వేపమండ.

"నా కొప్పుల ఉంటే నీ ఫ్యానుకేమన్న అడ్డమా?" అంది నేను చూడగానే.

"లేదక్కా."

పెట్టె వెనక్కి తన చీర కూడా తగలకుండా కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది. చెవి పెట్టెకు ఆనించి కూర్చుంది. పిల్లవాడి చెవుల గురించి, ముక్కు గురించి ఒక్క మాట లేదు. ఊరు వచ్చినప్పుడల్లా "తిరుగుతుంది తమ్మీ" అనేది. ఎర్రవల్లిలో తిరుగుతుంది. వంతెన ఎక్కాక మాత్రం వెనక నుంచి ఏ మాటా రాలేదు.

"అక్కా?"

బ్రేకు మీద కాలు పెట్టాను. వెనక లారీ హారన్ మోగించింది.

"అక్కా!"

"మొక్కుకుంటున్న, ఆగరాదు? తిరుగుతుంది, నువ్వు పో."

పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి. ఎక్కడా ఆగలేదు. వార్డు దగ్గర నర్సు సీసా అందుకుని తడిమి చూసింది. తరవాత నా ముఖం వైపు కాకుండా అక్క ముఖం వైపు చూసింది. అక్క తల ఊపింది. నర్సు లోపలికి తీసుకుపోయింది.

తలుపు అద్దంలోంచి నేనూ అల్లుడూ చూశాం. పైపుకు తగిలించిన సిరంజిలో పాలు పోసి, నర్సు దాన్ని కొంచెం ఎత్తి పట్టుకుంది. అవి కదలనట్టే ఉన్నాయి. అల్లుడి ఊపిరి నా భుజానికి తగులుతోంది. చాలాసేపు చూస్తే తెలిసింది, తెల్లటి గీత కొద్దిగా కిందికి జరిగింది. ఇంకొద్దిగా. అది పూర్తిగా దిగిపోయేదాకా అద్దం దగ్గరే ఉన్నాం.

వెనక్కి తిరిగి చూస్తే అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. పెట్టె ఒడిలోనే ఉంది. వైరు నేల దాకా వేలాడుతోంది.

"కింద పెట్టక్కా. ఖాళీదే గద."

"ఉండనీ" అంది అక్క, దాని వెనక బొక్కలను అరచేత్తో మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "రేపు మల్ల నింపాలె."