దూలానికి కట్టిన గిలక

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో, సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆడిస్తేనే చెయ్యి తిరిగొస్తుందని చూడ్డానికొచ్చిన వాళ్లంతా అన్నారు. బోరు వేశాక మా బావి గిలక ఖాళీగానే ఉంది. దాన్ని దూలానికి వేలాడదీసి, తాడు ఒక కొస ఆయన మణికట్టుకు కట్టి, రెండో కొస నేను లాగేదాన్ని. రోజూ పత్తి తీతకు వెళ్లేముందు ఆ చెయ్యి తలపైకి యాభైసార్లు లేవాల్సిందే. ఆయన కళ్లవెంట నీళ్లు కారేవి. చచ్చుబడిన చేతికి నొప్పేముంటుంది, దిగులుతో ఏడుస్తున్నారనుకున్నాను.

"ఏడవకండి, ఇంకో పదే" అనేదాన్ని.

నెల తర్వాత గుంటూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆయన భుజం తడిమి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. ఎముక కిందికి జారి, వేలు దూరేంత సందు ఉంది.

"ఈ చెయ్యి ఎవరు లాగారమ్మా? పట్టులేని చేతిని లాగకూడదు. కింద దిండు పెట్టి ఆనించాలి" అంది.

ఆయన నావైపు చూడలేదు.

అడ్డమైనవాళ్ల మాటా విన్నాను, ఎదురుగా ఉన్న మనిషి ఏడుపే అర్థం చేసుకోలేదు. ఆరోజే గిలక విప్పేశాను. ఆయన ఇంకో ఆరేళ్లు బతికారు. దిండు సర్దుదామని నేను దగ్గరకు వెళ్లినప్పుడల్లా, ఎడమచేత్తో ఆ కుడిచేతిని గుండెకు అదుముకునేవారు.