దేవదానం గిటార్ కోసం చిత్తూరుకు

మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేది నేను. తిరుపతిలో, తిరుచానూరులో పెండ్లి రిసెప్షన్లకు, జాతర స్టేజీలకు పాడే చిన్న బృందం మాది. ఎనభైల మొదట్లో మాట. నా గిటార్ మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న పాతది. ఎండకూ వానకూ దాని మెడ వంగిపోయింది. కింది మెట్లలో బాగానే పలికేది గానీ పైకి పోయేకొద్దీ శ్రుతి తప్పేది. అట్లా తప్పినప్పుడల్లా పాడేవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూసేవాళ్ళు. ఆ చూపు పడలేక ఇంకొకటి కొందామని వెతకతా ఉండినాను.

కొత్తది కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. మాలాంటోళ్ళకు వాద్యమంటే ఎవరో వాడింది చేతులు మారి రావాల్సిందే. డ్రమ్స్ వాయించే మునిరత్నం ఒకరోజు కబురు తెచ్చినాడు.

"చిత్తూరులో దేవదానమని ఒకాయన ఉండాడు. ఆయన బేస్ అమ్ముతారంట. జపాన్‌ది. పోతే మళ్ళా దొరకదు."

"అంత మంచిది ఎందుకు అమ్ముతాడబ్బా?"

"చెయ్యి దెబ్బతినిందంట. అంతవరకే తెలుసు నాకు."

సోమవారం పొద్దున్నే బయలుదేరినాను. నా పాత గిటార్ కూడా వెంట తీసుకున్నాను. చిత్తూరులోనే ఎవరికైనా అమ్మేస్తే కొంత కలిసొస్తుందని ఆలోచన. నా భార్య పాత దుప్పటితో కుట్టిన సంచిలో దాన్ని పెట్టుకుని కాట్పాడి ప్యాసింజరు ఎక్కినాను. మీటర్ గేజి బండి, ఊగుడు ఎక్కువ. వాద్యంతో పోయేవాళ్ళు పైన సామాన్ల బల్ల మీద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకోవడం మంచిది. కిటికీ పక్కన చోటు దొరికితే మెడ ఎవరికీ తగలకుండా ఏటవాలుగా ఆనించుకోవచ్చు.

నా ఎదురుగా కొండ మీద దర్శనం చేసుకుని తిరిగిపోతున్న కుటుంబం కూర్చుంది. అందరివీ గుండ్లే, గంధం పూసిన గుండ్లు. వాళ్ళలో ముసలామె సంచిని చాలాసేపు చూసి అడిగింది.

"ఇదేంది నాయనా, వీణా?"

"వీణ కాదమ్మా, గిటార్."

"దేవుని పాటలకు వాయిస్తావా?"

"అన్నిటికీ వాయిస్తానమ్మా."

ఆమె సంచిని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. 

చంద్రగిరి కోట వెనకబడింది. పాకాలలో బండి చాలాసేపు నిలిచింది. ప్లాట్‌ఫారం మీద ఆకులో పెట్టిన ఇడ్లీ, కారంపొడి తిన్నాను. వేడిగా ఉన్నాయి, కాఫీ మాత్రం పలచన. పూతలపట్టు దాటినాక చెరుకు తోటలు మొదలయినాయి. ఆడాడా బెల్లం వండే పొగ లేస్తా ఉంది. తీపి వాసన పెట్టెలోకి వచ్చింది. అప్పటిదాకా నాకు ఇష్టమైన వాసన అది.

పది దాటినాక చిత్తూరులో దిగినాను. మునిరత్నం చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి వెనక సందులో నడిచి, పెంకుటింటి ముందర నిలబడి పిలిస్తే ఒకామె తలుపు తీసింది. దేవదానం భార్య, రూతమ్మ. నలభైకి దగ్గర వయసు. నా భుజాన సంచి చూసి, ఎందుకొచ్చినానో అర్థం చేసుకున్నట్టుంది. లోపలికి పిలవకుండా బయటికే వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా తమ్ముని చేన్లో గానుగాడతా ఉంటే ఈయన చెరుకు తోసేదానికి పొయినాడు తమ్ముడూ. ఎడమ చెయ్యి గానుగలో పడింది. మూడు వేళ్ళు పొయినాయి. ఏడాదాయ. పొద్దున లేస్తే గోడకున్న ఆ గిటార్‌నే చూస్తా కూర్చుంటాడు. ఇంకో పని మీద మనసు పెట్టడు. అది కంటి ముందర ఉన్నన్నాళ్ళూ ఈయన లేవడు. అందుకే తీసకపొమ్మంటున్నా."

బేరం ఆడదామనుకుని వచ్చినాను. ఆ మాటలు విన్నాక ఆ ఆలోచన వదులుకున్నాను.

లోపల దేవదానం మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. ఎడమ చెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. "రా అప్పా, కూర్చో," అన్నాడు. గిటార్ గోడకు ఆనించి ఉంది. నేను రాకముందే తుడిచి, కొత్త తీగలు వేయించినట్టు తెలుస్తా ఉంది.

తన గిటార్‌కు ఏమేం చేయించినాడో ఒక్కొక్కటే చెప్పినాడు. తీగల మోత పట్టే పికప్‌లో కరకర వస్తే మద్రాసుకు పోయి వేరేది వేయించినాడు. తీగలు ఆనే రేకు పలచగా ఉందని, దాన్ని తీసేసి కంచరి ఆయన చేత మందమైన ఇత్తడి బిళ్ళ పోయించినాడు. "దాంతో స్వరం నిలబడింది. ముందు తుడుం తుడుమని ఆగిపోయేది," అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖం తేటగా ఉండింది. చెప్పడం అయిపోతూనే మళ్ళీ వాడిపోయింది.

"వాయించి చూడు," అన్నాడు.

చిన్న ఆంప్లిఫైయర్ ఒకటి ఆన్ చేసి వాయించినాను. ఎన్నేండ్లుగానో నేను తిప్పలు పడిన పై మెట్లన్నీ ఇందులో నిక్కచ్చిగా పలికినాయి. ఆ స్వరం నేల మీద పరుచుకుని కాళ్ళకు తగిలింది.  ఎట్లాగైనా దీన్ని తీసుకుపోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

వాయిస్తా తలెత్తి చూస్తే దేవదానం కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన కుడి చెయ్యి మంచం పట్టె మీద ఉంది. వేళ్ళు ఒకటి తర్వాత ఒకటి పట్టెను నొక్కతా ఉన్నాయి. నేను స్వరం మార్చినప్పుడల్లా ఆ వేళ్ళూ చోటు మారతా ఉన్నాయి. వాయించేటప్పుడు నొక్కేది ఎడమ చెయ్యి, మీటేది కుడి చెయ్యి. ఆయన మాత్రం కుడి చేత్తో నొక్కతా ఉన్నాడు. ఆ సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు.

నేను ఆపేసి అడిగినాను. "అన్నా, తీగలు తిరగేసి వేస్తే ఆ చేత్తో నొక్కొచ్చు గదా? మీటేదానికి ఎడమ చేతిలో మిగిలిన వేళ్ళు చాలు."

ఆయన కండ్లు తెరిచి తన కుడి చేతిని చూసుకున్నాడు. "ఇరవై ఏండ్ల అలవాటప్పా. ఈ చెయ్యికి ఏమీ తెలీదు," అన్నాడు.

"ఒకసారి చూద్దాం," అని నా సంచిలోని పాత గిటార్ తీసి తీగలు ఊడదీసినాను. లావు తీగ ఉండాల్సిన చోట సన్న తీగ గాడి ఉంది. మెడ చివరి ఎముక పట్టీలో ఆ గాడిని వెడల్పు చేయాల్సి వచ్చింది. నేను కత్తితో గీకతా ఉంటే ఆయన కొంచెంసేపు చూసి, ఓర్చుకోలేక, మంచం కింద పెట్టె లాగి ఆకురాయి ఇచ్చినాడు. "కత్తితో పగిలిపోతుంది. దీంతో నిదానంగా లాగు. ఎక్కువ లోతు పోవద్దు." తువ్వాలు జారిపోయింది. ఆయన పట్టించుకోలేదు. మిగిలిన రెండు వేళ్ళతో గిటార్ తల కదలకుండా పట్టుకున్నాడు. లావు తీగ పొడుగు చాలక బిరడాకు ఒక్క చుట్టే తిరిగింది. అయినా నిలిచింది.

దేవదానం దాన్ని ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టినాడు. వేలు ఒకచోట, తీగ ఇంకోచోట. నొక్కింది ఒకటి, మీటింది ఒకటి. చర్చిలో ఆదివారం పాడే పాట ఏదో పట్టుకోవాలని చూసినాడు. మొదటి వరుస కూడా సాగలేదు. మళ్ళీ మొదలుపెట్టినాడు. మళ్ళీ తప్పింది. గిటార్ మంచం మీద పెట్టి, పెరట్లోకి పోయినాడు.

రూతమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా చూస్తా ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకు తమ్ముడూ ఈ పని జేసినావు? ఏడాది పట్టింది నాకు, ఇంక కాదని ఆయనకు నమ్మించేదానికి. ఇప్పుడు మళ్ళా ఆశ పెడితివి. రేపు నువ్వు మీ ఊర్లో ఉంటావు. ఈడ ఉండేది నేను. రెండూ తీసుకుని పో."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను తల వంచుకుని సంచి మడతలు సరిచేస్తా కూర్చున్నాను. పెరట్లో తొట్టిలో నీళ్ళు ముంచుకుంటున్న చప్పుడు వినబడింది.

దేవదానం ముఖం కడుక్కుని వచ్చినాడు. భార్య వైపే చూస్తా అన్నాడు. "నాది ఈయనకు ఇచ్చేద్దాం. దాన్ని చూస్తే పాత చెయ్యే గుర్తొస్తుంది. ఈ వంకర మెడది ఈడ ఉండనీ."

"అది పైన శ్రుతి తప్పుతుందన్నా," అన్నాను.

"నేను పైదాకా పోయేదానికి ఇంకా చానా కాలం పడుతుందిలే."

రూతమ్మ లోపలికి పోయి ముగ్గురికీ అన్నం వడ్డించింది. చారు, వంకాయ కూర.  తెచ్చిన డబ్బు నేను ఆమె చేతికిచ్చి బయలుదేరేటప్పుడు గడప దాకా వచ్చి, "పోయిరా తమ్ముడూ," అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె కోపం పోయిందో లేదో నాకు తెలీదు.

సాయంత్రం బండికి స్టేషన్ దాకా దేవదానం తోడు వచ్చినాడు. సందులో ఎదురుపడిన వాళ్ళు ఆయనను నిలబెట్టి పలకరించినారు. బయట తిరిగి చాలా రోజులయిందని ఆ పలకరింపులను బట్టే అర్థమయింది. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "వానాకాలం తీగలకు కొంచెం కొబ్బరినూనె రాసి తుడువు," అన్నాడు. గిటార్‌ను చూడలేదు, నన్నే చూసినాడు.

పెట్టెలో జనం తక్కువ. పూతలపట్టులో ఎక్కిన ఒక రైతు పక్కన కూర్చుని, కొత్తదా అని అడిగినాడు. వాడిందే అన్నాను. "మంచోళ్ళు వాడిందైతే కొత్తదానికన్నా మేలు," అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

వాడిన వాద్యం కొనబోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. మెడ చూడండి, పికప్ వినండి, వీలయితే పగలు పోయి అమ్మే మనిషితో కాసేపు కూర్చోండి. అంతకన్నా ఎక్కువ నేర్చుకున్నానని చెప్పలేను.

చంద్రగిరి దాటినాక పొద్దు గూకే వెలుగులో గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని మెడ మీద వేళ్ళు ఆనించినాను. మూడో మెట్టు దగ్గర, ఐదో మెట్టు దగ్గర, ఇరవై ఏండ్లు వేళ్ళు ఆనిన చోట చెక్క కొంచెం అరిగి గుంటలు పడి ఉంది. నా వేళ్ళు వాటిలో సరిగా కూర్చోలేదు. ఆయనవి పొడుగు వేళ్ళు. అలవాటు పడాలని, తిరుపతి వచ్చేదాకా ఆంప్లిఫైయర్ లేకుండానే, నిదానంగా, తప్పులు చేస్తా వాయించుకుంటూ కూర్చున్నాను.