ఫోన్లో బట్వాడా

కూలి ఎగ్గొట్టాడని నన్ను ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. అదే నా గొప్ప అనుకుని చాలాకాలం మురిసిపోయాను.

ఎర్రగుంట్ల పక్కన నాకో చిన్న పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. క్వారీ నుంచి వచ్చే నల్లబండలను కోసి, నునుపు చేసి అమ్ముతాం. పనివాళ్ళు పదిమందికి మించరు. శనివారం సాయంత్రం బట్వాడా, అంటే వారం కూలి పంచడం. ఏళ్ళ తరబడి నోట్లు చేతికే ఇచ్చేవాణ్ణి. ఆ ఒక్క పూట నా ప్రాణం మీదికొచ్చేది. బ్యాంకులో వరుస, చిల్లర దొరకదు, చిరిగిన నోటు ఇచ్చానని ఒకడి అలక. నిరుడు వేసవిలో విసిగిపోయి, ఇక చేతికిచ్చేది లేదు, ఫోన్లోంచి అందరి అకౌంట్లకూ వేసేస్తానని చెప్పాను. పాస్‌బుక్కు జిరాక్సులు తెమ్మన్నాను. నా లెక్కలు చూసే ఆడిటరు "ఇన్నాళ్ళకు దోవకొచ్చినావప్పా" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా తలకెక్కింది.

మిషన్ల దగ్గర పనిచేసే మగవాళ్ళు సంబరపడ్డారు. ఒక్కామె మాత్రం జిరాక్సు ఇచ్చి అక్కడే నిలబడిపోయింది. బండల మీద నీళ్ళు పట్టి, కడిగి, దొంతులు పేర్చేది ఆమే. పన్నెండేళ్ళుగా మా దగ్గరే. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు మా ఫ్యాక్టరీ, ఆమెకు తెలిసిన లోకం ఇంతే అనుకునేవాణ్ణి.

"అన్నా, నాకు మాత్రం చేతికే ఇయ్యన్నా. ఆ అకౌంటులో ఏస్తే నాకు అందదు" అంది.

అకౌంటులో డబ్బు కనబడితే రేషన్ కార్డు తీసేస్తారని మా వైపు చాలామందికి భయం. ఇదీ ఆ బాపతే అనుకున్నాను.

"కార్డు పోతాదని భయమా? ఏం పోదులేమ్మా. కాలం మారిండాది, నువ్వూ మారాల" అని నవ్వాను. నేను నవ్వితే మిషన్ల దగ్గర ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె ఏదో చెప్పబోయి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

రెండు వారాలు పోయాక మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఒక కాగితం.

"మా పాప అకౌంటన్నా ఇది. దీంట్లోనన్నా ఎయ్యి."

"పని చేసేది నువ్వా, మీ పాపా? ఎవరి కూలి వాళ్ళ పేరు మీదనే పడాలంట. నీకొక రూలు, వాళ్ళకొక రూలు అంటే యాడ కుదురుతాదమ్మా?" అన్నాను.

ఎంత న్యాయంగా మాట్లాడానో అని ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. బండ బేరానికొచ్చినవాణ్ణి వంద ప్రశ్నలు అడుగుతాను. ఏ ఇంటికి, ఏ గదికి, ఎప్పటికి కావాలి అని. ఆమెను ఎందుకమ్మా అని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగినా, అంతమంది మగవాళ్ళ ముందు చెప్పుకునే సంగతి కాదది. పక్కకు పిలిచి అడగాలన్న బుద్ధి నాకుండాలి.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఊళ్ళో టీ తాగుతుంటే, బ్యాంకులో అప్పులు వసూలు చేసే ఉద్యోగి ఎదురయ్యాడు. చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మీ పుణ్యమా అని ఒక మొండి బాకీ కదిలిందన్నా!"

ఏ బాకీ అన్నాను. చెప్పాడు. మా దగ్గర బండలు కడిగే ఆమె మొగుడు అప్పు చేసి రెండు బోర్లు వేయించాడట. రెంటిలోనూ దుమ్మే లేచింది. అప్పు కాగితం మీద ఆమె సంతకం కూడా ఉంది. ఆమె అకౌంటులో ఏం పడ్డా అప్పు కిందికి పోతుంది.

"ఇన్నేండ్లూ దాంట్లో రూపాయి పడలేదు. ఇప్పుడు వారం వారం మీరు ఏస్తాండారు, మేము పట్టుకుంటాండాం" అని నవ్వుతూ నాకు ఇంకో టీ చెప్పాడు. ఆ టీ నేను తాగలేకపోయాను.

నేరుగా ఫ్యాక్టరీకి వచ్చి ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాను. ఎందుకని అప్పుడు అడిగాను. ఆమె తలెత్తకుండానే చెప్పింది. కూతురు ఇంటర్ పాసయింది. కడపలో నర్సింగ్ సీటొచ్చింది. మొగుడి కూలితో ఇల్లు గడుపుకుంటూ, తన కూలి అంతా ఫీజుకు కడదామనుకుంది. ఆ కూలే బ్యాంకు పట్టుకుంది.

"గడువెప్పుడు?"

"మొన్న సోమవారంతో అయిపాయనన్నా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "అంత అవసరముంటే నన్నెందుకు అడగలేదమ్మా? నేనియ్యనా?" అని అరిచినంత పని చేశాను.

"అడిగినా గదన్నా. రెండుమార్లు అడిగినా" అంది. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బ్యాంకు పట్టుకున్న కూలి మొత్తం అప్పటికప్పుడు నా డబ్బులోంచి ఇచ్చి, ఇక మీదట చేతికే ఇస్తానన్నాను. ఆమె ముందే కాలేజీకి ఫోన్ చేశాను. వరుసలో తర్వాత ఉన్న అమ్మాయికి సీటు ఇచ్చేశామని, వచ్చే ఏడు మళ్ళీ చూసుకోమని చెప్పారు. వచ్చే ఏడు ఫీజంతా నేనే కడతానన్నాను. "అప్పటికి చూద్దాంలేన్నా" అని ఆమె పనిలోకి వెళ్ళిపోయింది. నా మాట మీద ఆమెకు నమ్మకం లేదు. ఉండాలని అడిగే ముఖం నాకూ లేదు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సన్నగా, శుభ్రంగా తల దువ్వుకున్న పిల్ల.

"సంవత్సరం ఇంట్లో ఏం కూచుంటాదన్నా. దీనికీ పనియ్యి. దీని కూలి కూడా చేతికే ఇయ్యి" అంది.

సరేనన్నాను. ఆ పిల్ల చున్నీ నడుముకు చుట్టుకుని, నీళ్ళ పైపు చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"సార్, నేను యాడ నిలబడాల?" అని అడిగింది.

కాలేజీలో ఉండాల్సిన పిల్లకు, బండలు కడిగే చోటు నేనే చూపించాను.