సర్పి మీద సిరా

కొర్రియెంతెస్ ఊళ్ళో నడివేసవి ఫిబ్రవరి ఎండకి కుక్కలు కూడా నీడ వదిలి కదలవు. ఆ ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చునే మనిషి ఎర్మెలిందా ఒక్కతే. కార్నివాల్ పండగకి ఎన్నుకునే రాణి దుస్తులకి తళుకులు, పూసలు కుట్టడంలో ఆమెకి తిరుగు లేదు. ఆ కుట్టే చేతుల్నే ఎవరూ చూడకూడదని ఆమె పంతం.

దీనికంతటికీ కారణం ఆమె పెద్దాడపడుచు ఎపిఫానియా. పన్నెండేళ్ళ క్రితం ఎర్మెలిందా మోచేతుల మీద సోరియాసిస్ పొలుసులు లేచిన కొత్తల్లో, కుట్టు షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య ఆవిడ, "రాణి గౌను మీద నీ పొలుసులు రాల్చకే తల్లీ, జనం తళుకులనుకుంటారు" అంది. అందరూ పగలబడి నవ్వారు. అది అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెబితే మాత్రం విన్నదెవరు? ఎండిన ఆకు మీద చల్లనీళ్ళు పోసుకు తాగే తెరెరె గ్లాసు, అందరూ ఒకే గొట్టంతో పీల్చుకునేది, చేతులు మారుతూ ఎర్మెలిందా దాకా వచ్చి పక్కకి తిరిగిపోయేది. మొగుడు పోయిన ఏడాది కూడా ఆ గ్లాసు ఆమె చేతికి రాలేదు.

ఈ ఏడు కార్నివాల్ పది రోజులుందనగా కుడి నుదురు మండడం మొదలైంది. తల మీది పాత పొలుసుల జబ్బే కిందికి దిగిందనుకుని రెండు రోజులు ఆ మందే రాసుకుంది. మూడో రోజు అద్దంలో చూస్తే జుట్టు దగ్గర్నుంచి కనుబొమ్మ దాకా నీటి పొక్కుల వరస. సర్పి! కన్ను పోతే ఆమె బతుకే పోతుంది.

ఆ పేటలో సర్పి లేస్తే ఆస్పత్రికి వెళ్ళరు, సిరా రాయించుకుంటారు. మూడు రోజులు రాయాలి, కడగకూడదు. రాసేవాళ్ళు ఎవర్నీ కాదనకూడదు, ఏమీ పుచ్చుకోకూడదు. రాయించుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పకూడదు, చెబితే చేసిందంతా చెడుతుంది. ఆ రాత తెలిసింది ఎపిఫానియాకే. ఎర్మెలిందా ఆవిడ గుమ్మం ఎక్కక తప్పలేదు.

"వచ్చావూ? మొహం చెల్లకపోయినా కాళ్ళు నడిచాయన్నమాట!"

"నీ మొహం చూడ్డానికి రాలేదులే వదినా. రాయి."

"కదలకు మరి. నీ కోసం కాదు, పోయిన మా తమ్ముడి కోసం."

కలం నల్ల సిరాలో ముంచి, పొక్కుల చుట్టూ, ముక్కు చివరిదాకా పవిత్రమైన పేర్లు రాసింది. మర్నాడూ రాసింది. మూడో రాతకి ఎర్మెలిందా కన్ను తెరవలేకపోయింది. ఎపిఫానియా వేలు తడిచేసి ముక్కు మీది సిరా తుడిచింది. కింద రెండు పొక్కులు. వాటి మీదే తను రాసేసింది. ఆవిడ కలం పక్కన పడేసింది.

"లేవవే. ముక్కు మీద లేచిందంటే ఇది కంట్లోకి పోతోంది. నా సిరా అక్కడికి పోదు."

చొక్కా చెయ్యి పట్టుకుని, దారి పొడుగునా తిడుతూ ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళింది.

అక్కడ చర్మం డాక్టరు మండిపడ్డాడు. "అయిదు రోజులా? మూడు రోజుల్లోపు మాత్రలు పడాలమ్మా! సోరియాసిస్ ఉన్నవాళ్ళకి, అందులోనూ దానికి మీరు మింగే మందుతో, సర్పి వచ్చే ప్రమాదం ఎక్కువని పోయినేడే చెప్పానుగా. టీకా ఎందుకు వేయించుకోలేదు?"

"లైన్లో చెయ్యి పైకి మడవాలి కదా డాక్టర్. ఊరంతా చూస్తారు."

బెంచీ మీద ఎపిఫానియా తన సంచిలో ఏదో వెతుక్కుంటూ కూర్చుంది.

కన్ను మిగిలింది గానీ చూపు మసకబారింది. ఆ ఏడు రాణి గౌను ఇంకెవరో కుట్టారు. పండగ హడావిడి తగ్గాక ఒక మధ్యాహ్నం ఎర్మెలిందా షెడ్డుకి వెళ్ళేసరికి ఎపిఫానియా అందరికీ చెబుతోంది: "నా సిరాయే లేకపోతే ఈపాటికి పూర్తిగా గుడ్డిదయ్యుండేది."

ఎర్మెలిందా బొత్తాలు విప్పింది. రెండు చేతులూ భుజాల దాకా మడిచింది. ఎర్రటి మచ్చలు, తెల్లటి పొలుసులు, అందరూ చూశారు.

"ఎపిఫానియా వదినా," అంది గట్టిగా, "నీకు చాలా థాంక్స్."

మిషన్లు ఆగిపోయాయి. ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. ఎపిఫానియా చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆస్పత్రికి లాక్కెళ్ళింది ఆవిడే మరి. అదే ఎర్మెలిందాకి మరీ ఒళ్ళు మంటగా ఉంది.

ఎపిఫానియా గబుక్కున లేచింది. "వెనక్కి తీసుకోవే! ఆ మాట వెనక్కి తీసుకో!"

"పన్నెండేళ్ళ కింద నువ్వన్న మాట వెనక్కి తీసుకో. నేనూ తీసుకుంటా."

ఎపిఫానియా మొహం పక్కకి తిప్పుకుంది. ఎర్మెలిందా పక్కనున్న ఆవిడ చేతిలోంచి తెరెరె గ్లాసు లాక్కుని, గొట్టం నోట్లో పెట్టుకుని, అడుగు గరగరమనేదాకా పీల్చి, బల్ల మీద పెట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె చల్లనీళ్ళు పోసుకుని మళ్ళీ తాగింది.