ఈతచెట్ల వరుస

ఎంకపల్లిలో హన్మంతు చేతి దెబ్బ తిననివాళ్లు తక్కువ. అడగకుండా గడ్డి కోశాడని సొంత తమ్ముణ్ణి చర్నాకోలతో కొట్టాడు. ఆ తర్వాత తమ్ముడి ఎడమ కన్ను ఎప్పుడూ సరిగా మూతపడలేదు. మొరాయించిన ఎద్దు ముక్కుతాడు లాగి ముక్కు చీల్చాడు. భార్య కృష్ణమ్మ ముందుపళ్లు ఎట్లా పోయాయో ఊళ్లో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి. అదే మనిషి మక్కకంకి చేతికొస్తే పొట్టు ఒలిచి, గింజల మీద వేలు నడిపిస్తూ చాలాసేపు కూర్చునేవాడు.

గొర్రెలు కాసే నర్సింహతో చాయ్ హోటల్లో ఎప్పుడూ దేవుడి మీదే వాదన. చిన్నప్పటి దోస్తు. వయసులో ఏదో సంఘంలో తిరిగి, దేవుడు లేడని తేల్చుకుని వచ్చినవాడు.

"సూడు నర్సిమ్మ, కంకి మీద వరుసలు ఎప్పుడు సరిసంఖ్యనే ఉంటయి, బేసి రావు. ఎవడు పేర్చిండు మరి?"

"పురుగు తిన్న కంకి గూడ ఆయనే పేర్చిండా?"

"పురుగుకు గూడ కాళ్లు రెండు దిక్కుల సమానముంటయి రా!"

"నీ చేతులు గూడ సమానమే. ఒక్కటే ఎక్కువ లేస్తది."

హోటలంతా నవ్వింది. హన్మంతు కూడా నవ్వాడు. ఇంకొకరు అని ఉంటే గ్లాసు మొహాన పగిలేది.

చేవెళ్ల రోడ్డు పొడవునా వెంచర్ల బోర్డులు లేస్తున్న కాలం అది. హైటెక్ సిటీలో కొలువులు చేసేవాళ్లు ఆదివారం కార్లలో వచ్చి ప్లాట్లు చూసిపోతున్నారు. ఊళ్లో ఒకప్పుడు షేర్ ఆటో నడిపిన శ్రీశైలం, పట్నం కంపెనీ ఒకదాని కోసం హన్మంతు పక్క చేను కొనిపెట్టాడు. రెండు చేల నడుమ ఈతచెట్ల వరుస ఉంది. హద్దు ఆ వరుస కాదని, ఇంకా లోపలికని శ్రీశైలం పేచీ పెట్టాడు. పాత హద్దురాళ్లు ఎప్పుడో మాయమయ్యాయి. అతను అడిగే ముక్కలోనే హన్మంతు బోరు ఉంది. అది పోతే మిగిలిన చేను ఎండునేల.

కంచెకు రాతి కడీలు పాతడానికి శ్రీశైలం మనుషులు వచ్చిన రోజు హన్మంతు కొడవలితో ఒకడి ముంజేయి కోశాడు. ఎముక కనిపించింది. మిగతావాళ్లు అతన్ని పడేసి తన్నారు. నోట్లోని మట్టీ నెత్తురూ ఉమ్ముతూనే అతను ఒకడి పిక్క కొరికి పట్టుకున్నాడు. వాడి అరుపుకు పక్క చేలవాళ్లు పరుగెత్తుకొచ్చి విడిపించారు.

మరోసారి కొట్లాటైతే పీనుగే లేస్తుందన్న భయంతో ఊరిపెద్ద అంతయ్య పాత పద్ధతి బయటికి తీశాడు. రెండు పక్షాలూ ఒప్పుకున్న మనిషి స్నానం చేసి, తడి బట్టలతో, ఆ చేని మట్టిగడ్డ నెత్తిన పెట్టుకుని తనకు తెలిసింది చెప్పాలి. చెప్పి నడవాలి. అతను నడిచిందే హద్దు. గడ్డ ఎవరి తప్పు వల్ల కింద పడితే వాళ్లు ఓడినట్టు.

చిన్నప్పటి నుంచి ఆ చేలల్లో గొర్రెలు తోలినవాడు నర్సింహ ఒక్కడే. ఎవరి ముందూ అబద్ధం చెప్పడని పేరు.

శ్రీశైలం నవ్వాడు. "దేవుడే లేడనేటోని నెత్తిన మట్టి పెడతవా అంతయ్య తాతా? ఆయనకేం భయముంటది?"

"దేవుడున్నడనేటోళ్లను శాన మందిని చూసిన. ఈయననన్న చూద్దాం" అన్నాడు అంతయ్య.

"సరే గని, ఈతచెట్లు హద్దు ఎట్లయితయి? పిట్ట పండు తిని గింజ ఎక్కడ ఏస్తే అక్కడ మొలుస్తయి" అన్నాడు శ్రీశైలం.

"పిట్ట తాడు వట్టుకొని ఏస్తదారా?" హన్మంతు లేచాడు. "గంత సక్కగ వరుసున్నదంటే పెట్టినోడు ఉన్నట్టే. మా నాయన పెట్టిండు."

"నువ్వు చూసినవా కాకా?"

"కంకిని పేర్చంగ చూసిన్నా? చూడాల్నా?"

పొద్దున్నే చేను కాడికి ఊరు సగం వచ్చింది. రోడ్డు మీద శ్రీశైలం మనుషులు, వాళ్ల వెనక జేసీబీ. హన్మంతు తన పారతోనే గడ్డ తవ్వి ఇచ్చాడు. అంతయ్య దాన్ని నర్సింహ నెత్తిన పెట్టాడు. తడి ధోవతి నుంచి నీళ్లు కారుతుంటే నర్సింహ మొదటి చెట్టు దగ్గర నిలబడ్డాడు.

"తెలిసింది చెప్పు. ఈ చెట్లు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు అంతయ్య.

"ఎవ్వలు పెట్టలే. వాటంతటవే మొలిచినయి."

శ్రీశైలం మనుషులు ఈల వేశారు. నర్సింహ చేయెత్తాడు. "జర ఆగున్రి, ఇంక..."

పార వెనకవైపు అతని దవడ మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. గడ్డ కింద పడి చితికింది. నర్సింహ మోకాళ్ల మీదికి ఒరిగాడు. హన్మంతు మళ్లీ కొట్టాడు, భుజం మీద. "మా నాయనను లేకుంట జేస్తవారా! లేకుంట జేస్తవా!" మూడో దెబ్బకు ఎత్తిన పారను నలుగురు కలిసి గుంజుకున్నారు.

అంతయ్య కింద చితికిన మట్టిని చూశాడు. "నీ చేత్తోనే పడగొట్టుకుంటివి. ఇగ నేనేం చెప్పాలె?" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

జేసీబీ చేన్లో దిగింది. హన్మంతు దానికి అడ్డం పడుకున్నాడు. శ్రీశైలం మనుషులు కాళ్లు పట్టి పక్కకు లాగి, కర్రలతో తొడల మీద కొట్టారు. కొడవలి వేటు తిన్నవాడు ముంజేతి కట్టుతోనే వచ్చి, అతని కుడిచేతిని బూటు కింద పెట్టి, వేళ్లు విరిగేదాకా తొక్కాడు. అవతల ఈతచెట్లు వేళ్లతో సహా లేచి ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

చేవెళ్ల దవాఖానలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. మూడో రోజుకు నర్సింహ పళ్ల సందున మాట్లాడగలిగాడు.

"హన్మంతూ, చెట్లు చేనంత మొలిచినయి రా. నా గొర్రెలు తిన్నయి గూడ. ఇటు మీ నాయన దున్నిండు, అటు వాళ్ల తాత దున్నిండు. ఇద్దరి నాగండ్లు గట్టు కాడ మర్లినయి. నడుమ మొలిచినయే బతికినయి." ఊపిరి తీసుకున్నాడు. "గందుకే వరుస. గందుకే హద్దు. గదే చెప్పి, వరుస పొంటి నడుద్దామనుకున్న."

హన్మంతు అతని వైపు మొహం తిప్పాడు.

"గది ముందుగాల చెప్పకపోతివి?"

"చెప్పనిస్తివా?"

"లేవంగనే పోదాం. సర్వేయరుకు చెప్దువు. నేను నోరు తెరువ."

"ఏం చూపెట్టి చెప్పాలె? చెట్లున్నయా, గట్టున్నదా?"

"బోరు లోపట రాళ్లు గూడ నింపిన్రు" అంది కృష్ణమ్మ. పొద్దున ఊరికి పోయి వచ్చింది. చేతిలో గంజి గిన్నె.

హన్మంతు ఎడమచేయి తడిమింది. దొరికిన స్టీలు గ్లాసును ఆమె మీదికి విసిరాడు. అలవాటు లేని చేయి కావడంతో అది గోడకు తగిలి, మంచం కిందికి దొర్లింది. కృష్ణమ్మ దాన్ని తీయలేదు. గిన్నె పట్టుకుని నర్సింహ మంచం పక్కకు స్టూలు జరుపుకుంది.

"నోరు జర తెరువు అన్నా" అంది.