వెల్లకిలా తిప్పిన చేయి

2023 వానాకాలం. బోగోలు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఓ చిన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నర్సుగా రిటైరయ్యాక కూడా నేను పని వదల్లేకపోతే, పొద్దునపూట వచ్చి వార్డు చూసుకోమన్నారు. కాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం. అది పెట్టడంలో నెల్లూరు జిల్లాలో నన్ను మించినవాడు లేడు. సరే, కావలి చుట్టుపక్కల అనుకోండి. మా వార్డులో మాత్రం లేడు. అక్కడ మిగతావాళ్లంతా కొత్తగా చేరిన పిల్లలు.

ఒకరోజు పొద్దున్నే శౌరయ్యను ఆటోలో తెచ్చారు. చేపల వేటకు పోయే మనిషి. వలలు లాగీ లాగీ గజ్జల్లో హెర్నియా దిగింది. ఏళ్ల తరబడి దాన్ని చేత్తో లోపలికి నొక్కుకుంటూ కాలం గడిపాడు. ఆ రోజు పేగు అందులో ఇరుక్కుపోయింది. మధ్యాహ్నంలోపు కోయకపోతే పేగు కుళ్లిపోతుందని, మనిషి దక్కడని డాక్టరమ్మ చెప్పింది. శౌరయ్య సరేనన్నాడు. నేను కాన్యులా పెట్టాను. ఒక్క పోటుకే.

ఆపరేషన్‌కు ముందు ఫాదర్ గారిని పిలవమని అతని భార్య తెరేజమ్మ అడిగింది. నేనే ఫోన్ చేశాను. మామూలుగా ఆయన రోగులకు దివ్యసత్ప్రసాదం, అంటే గుడి పూజలో దీవించిన అప్పం, తెస్తారు. కానీ శౌరయ్య ఎన్.పి.ఓ.లో ఉన్నాడు, అంటే మత్తు ఇచ్చేముందు నోటికి ఏదీ అందించకూడదు. అందుకని సత్ప్రసాదం వద్దు, రోగులకు పూసే దీవించిన తైలం ఒక్కటే తెమ్మని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఫాదర్ గారు ఊదారంగు స్టోల్ మెడలో వేసుకుని, చిన్న డబ్బీ మూత తీశారు. శౌరయ్య అది చూశాడు.

"సత్ప్రసాదం తేలేదా ఫాదర్?"

లేదన్నారాయన. శౌరయ్య గోడవైపు తిరిగిపోయాడు. "తెరేజా, నన్ను ఇంటికి తీసకపో. పొయ్యేవాణ్ణి కోసేదెందుకు" అన్నాడు.

మా తీరంలో పాతకాలం వాళ్లకు ఆ తైలమంటే అవస్థ అభ్యంగనమే, కడసారి ఊపిరి మీద పూసేదే. ఫాదర్ డబ్బీతో ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటివాళ్లు శవపెట్టె చేసే వడ్రంగికి కబురు పెట్టుకునేవాళ్లు. డాక్టరమ్మ ఆశ వదులుకుందనీ, మేమంతా కలిసి దాస్తున్నామనీ శౌరయ్య తేల్చుకున్నాడు. కాన్యులా పీకేయబోతే తెరేజమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు నేను లేచి, ఆ తైలం చావుకు గుర్తు కాదనీ, రోగికి బలం కోసం ప్రభువు ఇచ్చిన దివ్యసంస్కారమనీ ఓ ప్రసంగం చేశాను. వార్డంతా కన్నీళ్లు పెట్టుకుంది. శౌరయ్య లేచి కూర్చుని చేతులు చాపాడు.

పెళ్లిళ్లలో, విందుల్లో నేను చెప్పే కథ ఇదే. ప్రసంగం చేసింది నిజం. ఏడ్చినవాళ్లు మాత్రం లేరు. శౌరయ్య గోడవైపు నుంచి తిరగనైనా తిరగలేదు.

"జోజన్నా, నువ్వెప్పుడన్నా పూయించుకున్నావా?" అని అడిగాడు.

"నాకెందుకురా, నేను బాగానే ఉన్నా కదా."

"బాగుండేవాడికి అక్కర్లేదు. మరి బాగయ్యేవాడికి పూస్తారని నన్నెట్టా నమ్మమంటావు?"

నిజానికి నేను బాగా లేను. అంతకు కొన్ని నెలల ముందే గుండె నాళాలు పూడిపోయాయని, బైపాస్ చేయించుకోమని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఇంట్లో గ్యాస్ అని చెప్పి నెట్టుకొస్తున్నాను. ఫాదర్ గారిని తైలం పూయమని అడిగితే ఆ జబ్బు నిజమైపోతుందని భయం. శౌరయ్య భయమూ నా భయమూ ఒకటే. కాకపోతే నాది తెల్లకోటు వేసుకుంది.

స్టూలు లాక్కుని అతని మంచం పక్కన కూర్చున్నాను. "ఫాదర్, ముందు నాకు పూయండి."

"మీకేం జబ్బు, జోజయ్య గారూ?"

చెప్పాను. వార్డంతా విన్నది. తెరేజమ్మ కళ్లు పెద్దవి చేసింది. "వదినకు తెలుసా అన్నా?"

"తెలవదమ్మా."

"సాయంత్రానికి తెలస్తాదిలే" అంది.

ఫాదర్ గారు నా నుదుటి మీద, అరచేతుల మీద తైలం రాసి ప్రార్థించారు. శౌరయ్య గోడ వదిలి ఇటు తిరిగి నా ముఖమే చూస్తున్నాడు.

"ఎట్టుండాది?"

"చల్లగా ఉంది."

"సరే, నాకూ పూయండి ఫాదర్. జోజన్న పోతే గదా నేను పొయ్యేది."

మధ్యాహ్నంలోపే కోశారు. పేగు ఇంకా నల్లబడలేదు. శౌరయ్య ఇప్పటికీ వేటకు వెళ్తున్నాడు. తెరేజమ్మ మాట నిలబెట్టుకుంది కాబట్టి ఆ నెలలోనే మా ఆవిడ నన్ను నెల్లూరు తీసుకెళ్లి ఆపరేషన్ బల్ల ఎక్కించింది. అందుకే ఇది రాయడానికి మిగిలాను. దేవునికి, ఆ ఇద్దరు ఆడవాళ్లకు వందనాలు.

ఆ రోజు ఒకటి గమనించాను. కాన్యులా పెట్టడానికి నేను రోగి చేతిని బోర్లా తిప్పుతాను, నరం అక్కడ దొరుకుతుంది. తైలం కోసం ఫాదర్ గారు అదే చేతిని వెల్లకిలా తిప్పారు. అన్నేళ్లలో ఎన్ని చేతులు పట్టుకున్నానో, నా చేతిని మాత్రం ఎవరి ముందూ అలా తెరవలేదు. తెరిస్తే ఏం పోదని నాకు నేర్పింది శౌరయ్యే. నా ప్రసంగం కాదు.