మింగలాబా తరువాత అడిగిన ప్రశ్న

మనవరాలి ఆఫీసులో పనిచేసే బర్మా అమ్మాయి ఆదివారం నార్సింగిలోని మా ఫ్లాటుకు భోజనానికి వస్తుందని తెలిసి, వారమంతా ఫోన్లో విని నాలుగు బర్మా మాటలు నేర్చుకున్నాను. బడి మొహం చూడకుండా చదువు నేర్చినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను.

తలుపు తీస్తూనే "మింగలాబా" అని నమస్కారం చెప్పాను. ఆ పిల్ల మొహం విప్పారింది. "నే కౌన్ లా?" అని క్షేమం అడిగి, నా పేరు చెప్పాను. తనూ పేరు చెప్పింది. అక్కడితో ఆగానా? అన్నం వడ్డిస్తున్న మనవరాలితో, "ఇంటిపేరేందో అడుగు" అన్నాను.

"వాళ్లకు ఇంటిపేర్లుండవంట తాతా. పేరొక్కటే."

"గదెట్ల? మరి నాయిన పేరేంది?"

మనవరాలు అడిగితే ఆ పిల్ల నాయిన పేరు చెప్పింది. చూస్తే అది ఈ పిల్ల పేరుతో ఏమాత్రం కలవని పేరు. ఆ పిల్ల నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఇంటిపేరుతోని మీకేం తెలుస్తది అంటుంది. చెప్పు తాతా, జర నాక్కూడా చెప్పు" అంది మనవరాలు.

వయసులో ఉన్నప్పుడు కూకట్‌పల్లిలో గది కిరాయికి అడిగితే, మా ఇంటిపేరు విన్నాక గది ఖాళీ లేదన్నారు. దాని మీద నేను ఇంట్లో ఇప్పటికీ మండిపడుతూనే ఉంటాను. మనవరాలు ఆ కోపం వింటూనే పెరిగింది. ఆ ప్రశ్నే ఇప్పుడు నేను అతిథిని కంచం ముందు కూర్చోబెట్టి అడిగాను.

తల ఎత్తలేకపోయాను. "కులం తెలుస్తది బిడ్డా" అన్నాను.

మనవరాలు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేదు. పప్పు గిన్నె ఆ పిల్ల వైపు జరిపింది.